మెదడులో వెదకినవారు

మనిషికి మతి తప్పినదని చెప్పవలసి వచ్చినప్పుడు మన భాష రెండు దిక్కులకు చూస్తుంది. "మనసు చెదిరింది" అంటాం. అంటున్నప్పుడు చేయి తనంతట తానే గుండెమీదికి పోతుంది. మరునిమిషంలో "బుర్ర చెడింది", "తలకెక్కింది" అని అదే చేతిని కణత వైపు తిప్పుతాం. ఈ ఊగిసలాట నేటిది కాదు. చరకసంహిత ఉన్మాదాన్ని వర్ణిస్తూ, ప్రకోపించిన దోషాలు బుద్ధికి నివాసమైన హృదయాన్ని చేరి, మనస్సు సంచరించే మార్గాలను అడ్డగిస్తవని చెప్పినది. గ్రీకు దేశంలో హిపోక్రటీసు పేరిట నిలిచిన వైద్యగ్రంథాలలో ఒకటి, మూర్ఛరోగాన్ని గురించినది, దేవతల కోపాన్ని తోసిపుచ్చి మెదడునే కారణంగా చూపినది. భూతాదుల వల్ల కలిగే ఆగంతుకోన్మాదమని చరకుడు వేరుగా ఒకటి చెప్పకపోలేదు. అయినా హృదయమన్నా మెదడన్నా, మతిభ్రంశానికి శరీరంలో ఒక చోటున్నదనే ఊహ రెండు దేశాల వైద్యులకూ ఉన్నది.

ఆ చోటును కత్తితోను సూక్ష్మదర్శినితోను వెదకడం మొదలై రెండువందల ఏండ్లయినది. వెదకినవారికి కొన్నిసార్లు దొరికినది, కొన్నిసార్లు దొరకలేదు. దొరికినప్పుడు ఏమైనదో, దొరకనప్పుడు ఏమైనదో చెప్పడమే ఈ వ్యాసంలోని పని. దొరకనప్పటి కథే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

1822లో పారిస్ నగరంలో ఆంత్వాన్ బేల్ అనే ఇరవైమూడేండ్ల విద్యార్థి వైద్యపట్టం కోసం ఒక చిన్న సిద్ధాంతవ్యాసం సమర్పించినాడు. అతడు పారిస్ సమీపంలోని షారంటన్ పిచ్చాసుపత్రిలో రోగులను చూచినవాడు. అక్కడ ఒక తరహా రోగులుండేవారు. నిన్నటిదాకా బుద్ధిమంతుడుగా వ్యాపారమో ఉద్యోగమో చేసుకొన్న నడివయస్సు మనిషి హఠాత్తుగా తాను చక్రవర్తినంటాడు. కోట్ల ధనం నా ఇంట మూలుగుతున్నదంటాడు. ఉన్న ధనమంతా తగలబెడతాడు. కొంతకాలానికి మాట తడబడుతుంది, చేయి వణుకుతుంది, కాళ్లు పడిపోతవి, తెలివి పూర్తిగా అడుగంటి కొద్ది సంవత్సరాలలో మరణిస్తాడు. పిచ్చి ముదిరినందువల్ల పక్షవాతం వచ్చినదని ఆనాటి పెద్దల నమ్మకం. బేల్ ఆ శవాల కపాలాలు తెరచి చూచినాడు. మెదడును కప్పే పొరలు వాచి, మందమై, మెదడుకు అతుక్కొని ఉన్నవి. పిచ్చీ పక్షవాతమూ రెండు కావు, ఒక్క దేహవ్యాధికే రెండు ముఖాలు అని అతడు వాదించినాడు.

పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. దుఃఖం, దురాశ, దుర్వ్యసనం — ఇవే పిచ్చికి మూలమని చెప్పడం అప్పటికి నాగరికమైన సిద్ధాంతం. ఈ రోగుల పూర్వచరిత్రలో సవాయి రోగం, అనగా సిఫిలిస్, తరచుగా కనిపిస్తున్నదని 1857లో జర్మనీలో ఇద్దరు వైద్యులు సూచించినారు. దాని మీద మరి యాభై ఏండ్ల తగవు. 1905లో సిఫిలిస్ క్రిమి కనబడినది. మరుసటి సంవత్సరం దానికి రక్తపరీక్ష వచ్చినది. 1913లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తున్న జపాను శాస్త్రజ్ఞుడు హిదెయో నొగూచి, జె. డబ్ల్యు. మూర్ అనే వైద్యునితో కలిసి, ఈ వ్యాధితో మరణించినవారి మెదడులోనే ఆ మెలికల క్రిమిని చూపించినాడు. నొగూచి పసితనంలో పొయ్యిలో పడి ఎడమచేయి కాల్చుకొన్న పేద రైతుబిడ్డ. 2004 నుండి 2024 వరకు జపాను వారు ముద్రించిన వేయి యెన్‌ల నోటుమీద ఉన్నది ఆయన బొమ్మే.

కారణం దొరికినది గాని చికిత్స వెంటనే దొరకలేదు. 1917లో వియన్నాలో యూలియస్ వాగ్నర్-యౌరెగ్ అనే మనోవైద్యుడు ఒక సాహసం చేసినాడు. మలేరియా జ్వరంతో వచ్చిన ఒక సైనికుని రక్తం తీసి ఈ రోగులకు ఎక్కించినాడు. మండిపోయే జ్వరానికి సిఫిలిస్ క్రిమి కొంత నశించినది. ఆ తరువాత మలేరియాను క్వినైనుతో అణచినాడు. కొందరు ఆ జ్వరంతోనే పోయినారు. పలువురు లేచి ఇంటికి వెళ్లినారు. ఈ పనికి 1927లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చినారు. మనోవైద్యునికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 1940లలో పెనిసిలిన్ రావడంతో ఈ విడ్డూరపు వైద్యం అవసరం లేకపోయినది. ఒకనాడు ఐరోపా పిచ్చాసుపత్రులను నింపిన ఆ వ్యాధిని ఈనాడు పిచ్చి అని ఎవరూ పిలవరు. కారణం తెలియగానే అది మనోవైద్యుని చిట్టాలోంచి అంటువ్యాధుల చిట్టాలోకి మారిపోయినది.

ఇటువంటి వలస మరొకటి మన హైదరాబాదుతో సంబంధించినది. పెల్లాగ్రా అనే వ్యాధిలో ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పెచ్చులు కడుతుంది, విరేచనాలు పట్టుకొంటవి, నిద్ర పోతుంది, దిగులు కమ్ముతుంది, ముదిరితే మనిషి మాట తెలియక కలవరిస్తాడు. ఇరవయ్యో శతాబ్దారంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రులలో ఈ రోగులు విస్తారంగా ఉండేవారు. అది అంటురోగమని అందరూ భయపడుతున్న కాలంలో, 1914లో ప్రభుత్వం పంపగా వెళ్లిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక్క సంగతి గమనించినాడు: రోగులకు వస్తున్నది గాని, వారి మధ్యనే తిరిగే నర్సులకు, నౌకర్లకు రావడం లేదు. తేడా కంచంలో ఉన్నది. మొక్కజొన్న పిండి, పానకం, పందికొవ్వు మీద బ్రతికేవారికి అది వస్తుంది. పాలు, మాంసం దొరికేవారికి రాదు. ఆ కొరతపడిన వస్తువు నికొటినిక్ ఆమ్లమని 1937లో తేలినది. మన దక్కనులో మొక్కజొన్న తినేవారు కాదు, జొన్న తినే కూలిజనం ఈ వ్యాధితో బాధపడేవారు. కూనూరు నుండి హైదరాబాదుకు తరలి వచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ విషయాన్ని పరిశీలించి, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ దీనికి కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించినారు. ఆ ప్రతిపాదన మీద తరువాత ఎంతో చర్చ జరిగినది. అది వేరే కథ. పెల్లాగ్రా వల్ల మతి చెదరినవానికి కావలసినది మంత్రగాడూ కాదు, సంకెలా కాదు, కొంచెం విటమిను, నాలుగు ముద్దల మంచి తిండి.

ఇక మ్యూనిక్ నగరానికి పోదాం.

1901 నవంబరులో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రికి యాభైఒక్క ఏండ్ల స్త్రీని తీసికొని వచ్చినారు. వైద్యచరిత్ర ఆమెను ఆగస్టా అనే పేరుతో ఎరుగును. ఆమెను చూచినవాడు అలోయిస్ ఆల్‌జైమర్. ఆయన ప్రశ్నలూ ఆమె జవాబులూ తన చేతితో వ్రాసిపెట్టినాడు. "మీ పేరేమిటి?" "ఆగస్టా." "ఇంటిపేరు?" "ఆగస్టా." "మీ భర్త పేరు?" "ఆగస్టా అనుకుంటాను." మధ్యాహ్నం ఆమె కాలీఫ్లవరూ మాంసమూ తింటూ ఉండగా, ఏమి తింటున్నారని అడిగితే పాలకూర అన్నది. ఇటువంటి చిన్నచిన్న విషయాలను ఒక్కొక్కటే కాగితంమీద పెట్టిన ఆ ఓర్పు సామాన్యమైనది కాదు. వార్ధక్యంలో మతి జారడం అందరూ ఎరిగినదే. యాభై ఏండ్లకే జారడం ఆయనకు వింతగా తోచినది.

ఆల్‌జైమరుకు ఫ్రాంజ్ నిసిల్ అనే స్నేహితుడుండేవాడు. నాడీకణాలు పారదర్శకంగా ఉండి సూక్ష్మదర్శినిలో సరిగా కనిపించవు. రంగు పట్టిస్తే గాని రూపం తేలదు. నిసిల్ విద్యార్థిదశలోనే, 1884లో, నాడీకణాలకు రంగు పట్టించే ఒక మంచి పద్ధతి కనిపెట్టి బహుమానం పొందినాడు. ఈ జోడు పగలు రోగులతో మాట్లాడేది. రాత్రి మెదడు తునకలతో మాట్లాడేది. తరువాత ఆల్‌జైమర్ మ్యూనిక్‌లో ఎమిల్ క్రేపెలిన్ నడిపే మనోవైద్యాలయానికి చేరి, కొంతకాలం జీతం లేకుండానే అక్కడి ప్రయోగశాలలో పనిచేసినాడు. విద్యార్థి పక్కన కూర్చొని సూక్ష్మదర్శినిలో చూపిస్తూ చూపిస్తూ చేతిలోని చుట్ట అక్కడే పెట్టి మరచిపోయేవాడట. సాయంత్రానికి ప్రతి బల్లమీదా ఒక చుట్టముక్క మిగిలేదని చెప్పుకొంటారు.

1906 ఏప్రిల్‌లో ఆగస్టా మరణించినది. ఆమె మెదడు మ్యూనిక్‌కు వచ్చినది. పైపొర పలచబడి ఉన్నది. వెండి లవణంతో రంగు పట్టించి చూస్తే, అనేక నాడీకణాలలో సన్నని దారాలు చిక్కుపడి ముడులై కనిపించినవి. కణం చచ్చినా ముడి మిగిలి ఉన్నది. కణాల నడుమ ఏదో పరాయి పదార్థం చిన్నచిన్న గుట్టలుగా పేరుకొన్నది. ఆ సంవత్సరం నవంబరు 3న ట్యూబింగెన్ పట్టణంలో జరిగిన మనోవైద్యుల సభలో ఆల్‌జైమర్ ఈ సంగతి చెప్పినాడు. సభలో ఒక్కరైనా ప్రశ్న వేయలేదు. అధ్యక్షుడు తరువాతి ఉపన్యాసానికి పిలిచినాడు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ వ్యాధికి ఆల్‌జైమర్ పేరు పెట్టకపోయి ఉంటే ఆ మౌనమే మిగిలేదేమో. ఆ గుట్టలు ఎమిలాయిడ్ అనే మాంసకృత్తు అనీ, ఆ ముడులు టౌ అనే మరో మాంసకృత్తు అనీ 1980లలో తేలినది. ఆగస్టా కాగితాల కట్ట ఫ్రాంక్‌ఫర్ట్‌లో దుమ్ము కొట్టుకొని పడి ఉండి 1995లో బయటపడినది. వణికే చేతితో ఆమె తన పేరు వ్రాయబోయి ఆపివేసిన కాగితం కూడ అందులో ఉన్నది.

ఇంతవరకు విజయగాథ. కాని క్రేపెలిన్ ఆల్‌జైమరును మ్యూనిక్‌కు పిలిపించుకొన్నది ముఖ్యంగా దీనికోసం కాదు. పిచ్చాసుపత్రి నిండా ఉన్నవారు వేరు. పదునెనిమిది, ఇరవై ఏండ్ల వయస్సులో, చదువులో చురుకైన కుర్రవాడు క్రమంగా మూలకు ఒదుగుతాడు. ఎవరో తనను గురించి మాట్లాడుకొంటున్నట్లు వింటాడు. తన ఆలోచనలు పరులు దొంగిలిస్తున్నారంటాడు. క్రేపెలిన్ ఒక్కొక్క రోగి చరిత్రను ఒక్కొక్క అట్టమీద వ్రాసి, సంవత్సరాల తరబడి వారి గతి గమనించి, 1899 నాటికి ఈ వ్యాధిని ఉద్వేగాల వ్యాధినుండి వేరుచేసినాడు. దీనికి స్కిజోఫ్రీనియా అనే పేరు 1908లో స్విట్జర్లండు దేశీయుడు ఓయ్‌గెన్ బ్లాయిలర్ పెట్టినాడు. ఈ వ్యాధికి కూడ మెదడులో ఒక ముడి, ఒక మచ్చ, ఒక క్రిమి దొరకితీరుతుందని మ్యూనిక్ వారి నిశ్చయం. అదే కత్తి, అదే రంగు, అదే కన్ను.

దొరకలేదు. ఒకడు ఏదో మార్పు చూచినానంటాడు. మరొకడు అది శవం ఆలస్యంగా కోయడంవల్ల వచ్చినదంటాడు. ఇంకొకడు అదే మార్పును ఆరోగ్యవంతుని మెదడులో చూపిస్తాడు. డెబ్బై ఏండ్లు ఇట్లా గడచినవి. స్కిజోఫ్రీనియా మెదడు పరీక్షకుల శ్మశానవాటిక అని 1972లో ఒక అమెరికన్ నాడీవైద్యుడు విసిగి వ్రాసినాడు.

చూచినచోట ఏమీ కనిపించకపోతే పండితుడు ఏమనాలి? నా పరికరానికి అందలేదు అనాలి. కాని తీర్పు చెప్పనిదే మనిషికి తోచదు. ఆ శూన్యం మీదినుంచి మూడు తీర్పులు వెలువడినవి; మూడింటికీ మనుష్యులే బలి అయినారు.

మెదడులో లోపం లేదు గనుక పెంపకంలో లోపమున్నదనేది మొదటి తీర్పు. అమెరికాలో 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే దయగల వైద్యురాలు, బిడ్డకు ఈ వ్యాధి తెప్పించే తల్లి అనే మాటను ప్రచారంలోకి తెచ్చినది. కొడుకు మతి తప్పినాడని ఏడ్చే తల్లి, ఆసుపత్రి మెట్లెక్కి తానే దోషినని తెలిసికొని దిగేది. ఒక తరం తల్లులు ఈ నింద మోసినారు. దయగలవారు చేసిన అపకారం గనుకనే దాన్ని ఎవరూ త్వరగా ప్రశ్నించలేదు.

రెండవ తీర్పు ఇంతకన్న ఘోరమైనది. పెంపకంలో కాదు, బీజంలోనే దోషమున్నదని కొందరన్నారు. క్రేపెలిన్ 1917లో మ్యూనిక్‌లో స్థాపించిన మనోవైద్య పరిశోధనా సంస్థలోనే వంశవృక్షాల శాఖ నడిపిన ఎర్న్‌స్ట్ ర్యూడిన్, నాజీల ప్రభుత్వం 1933 జూలైలో చేసిన నిర్బంధ వంధ్యీకరణ చట్టానికి వ్యాఖ్యానం వ్రాసినవారిలో ఒకడు. ఆ చట్టం కింద సుమారు నాలుగు లక్షలమందికి సంతానశక్తి తీసివేసినారు. 1940 జనవరి నుండి 1941 ఆగస్టు వరకు డెబ్బైవేలమందికి పైగా మానసిక రోగులను, వికలాంగులను ఆసుపత్రులనుండి బస్సులలో తీసికొని పోయి విషవాయువుతో చంపినారు. చచ్చినవారి మెదళ్లు పరిశోధనాలయాలకు పోయినవి. యూలియస్ హాలెర్‌ఫోర్డెన్ అనే పేరుపొందిన నిపుణుడు వందలకొద్దీ తీసికొన్నాడు. ఆ సంగతి 1945లో ఒక అమెరికన్ వైద్యాధికారితో తానే చెప్పినాడు. ఆ తునకలు యుద్ధం తరువాత కూడ నలభై ఏండ్లకు పైగా గాజుపలకలమీద విద్యార్థులకు ఉపయోగపడుతూ వచ్చినవి. 1990లో మాక్స్ ప్లాంక్ సంస్థవారు వాటిని మ్యూనిక్‌లోని ఒక శ్మశానంలో పూడ్చి స్మారకశిల నిలిపినారు. 2015లో మరికొన్ని బయటపడగా, అవి ఎవరివో పేరుపేరునా గుర్తించే పని తరువాత చేపట్టినారు. ఆల్‌జైమర్ మొదట పేరడిగి, తరువాత మెదడు చూచినాడు. హాలెర్‌ఫోర్డెన్‌కు సీసా వచ్చినది. దానివెంట పేరు అడగవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు.

మూడవ తీర్పు మనకు బాగా పరిచితం: దేహంలో ఏమీ లేదు గనుక దయ్యమున్నది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఏర్వాడిలో, దర్గా సమీపాన మానసిక రోగులనుంచిన ఒక పాకకు నిప్పంటుకొన్నది. రోగులను గొలుసులతో కట్టిఉంచినందువల్ల వారు పారిపోలేకపోయినారు. ఇరవైఎనిమిదిమంది మరణించినారు.

ఇక శూన్యమనుకొన్నచోట ఏమున్నదో చెప్పాలి. దారి తెరచినది కత్తి కాదు, ఒక వేరు. మన వైద్యులు సర్పగంధి అనీ పాతాళగంధి అనీ పిలిచే చిన్న మొక్క ఉన్నది. ఉత్తరదేశంలో దీని వేరును పిచ్చిమందు అనే పేరుతోనే బజారులో అమ్మేవారు. కలకత్తాలో గణనాథ సేన్, కార్తీకచంద్ర బోస్ అనేవారు 1931లో, ఈ వేరు ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ పనిచేస్తున్నదని ఒక వైద్యపత్రికలో వ్రాసినారు. అదే కాలంలో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ ఈ వేరులోని రసాయనాలను వేరుచేస్తూ, ఒకదానికి తన ఆదరువైన హకీం అజ్మల్ ఖాన్ పేరు పెట్టినాడు. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ 1949లో రక్తపోటుకు ఇది చేసే మేలును బ్రిటిష్ పత్రికలో ప్రకటించేదాకా పశ్చిమదేశాలు మేలుకోలేదు. 1952లో స్విట్జర్లండులోని బాసెల్‌లో ఈ వేరునుండి రిసర్పిన్ అనే పదార్థం తీసినారు. 1954లో న్యూయార్కు రాష్ట్రంలో నేథన్ క్లైన్ దానిని మానసిక రోగులకిచ్చి ఫలితాలు ప్రకటించినాడు. అరచి గోలపెట్టేవారు శాంతించినారు. ఇంతలో పారిస్‌లో మరో దారిన, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే మందులు వెదకుతూ ఉండగా, క్లోర్‌ప్రోమజీన్ దొరికినది. 1952లో దానిని డిలే, డెనికర్ అనే మనోవైద్యులు పిచ్చికి వాడి చూచినారు.

మందు పనిచేయడంకన్న, అది చేసిన కీడు శాస్త్రజ్ఞులకు ఎక్కువ నేర్పినది. రిసర్పిన్ పుచ్చుకొన్న కొందరికి చేతులు వణికేవి, దేహం బిగిసేది. కొందరు దిగులులో మునిగేవారు. ఎందువల్ల? నాడీకణం పక్క కణంతో మాట్లాడడానికి కొన్ని రసాయనాలను చిన్నచిన్న సంచులలో దాచుకొంటుంది. రిసర్పిన్ ఆ సంచులను ఖాళీ చేస్తుంది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చినాడు. అవి చెవులు వాల్చి, కదలక మెదలక పడిపోయినవి. అప్పుడు వాటికి డోపా అనే పదార్థం ఎక్కించినాడు. కొద్ది నిమిషాలలో చెవులు నిక్కబొడుచుకొని లేచి తిరిగినవి. డోపానుండి మెదడులో తయారయ్యేది డోపమీన్. అంతవరకు దానిని మరో రసాయనం తయారీలో దారిమధ్య మజిలీగానే ఎంచేవారు. అది స్వయంగా వార్తాహరమని అప్పటినుంచి తెలిసినది. వణుకుడు రోగానికి డోపా మందు కావడానికి ఇదే దారితీసినది. పిచ్చికి వాడే మందులు డోపమీన్ వార్త అందకుండా అడ్డుపడుతున్నవని 1963లో కార్ల్‌సన్ ఊహించినాడు; తరువాతి పరిశోధన దానిని బలపరచినది. 2000లో ఆయనకు నోబెల్ వచ్చినది. రిసర్పిన్ మాత్రం పిచ్చికి మందుగా చాలాకాలం క్రితమే తెరమరుగైనది.

అంటే ఇంతకాలం గాజుపలకమీద కనిపించనిది ఎందువల్లనో ఊహించవచ్చు. రంగు పట్టించిన కణం వీణవంటిది. దానిని ఎంత పరిశీలించినా నిన్న వాయించిన రాగం కనిపించదు.

అయితే ఇక్కడ తొందర పనికిరాదు. డోపమీన్ ఎక్కువైతే పిచ్చి, సెరొటోనిన్ తక్కువైతే దిగులు అని సూత్రం కట్టి, మందుల కంపెనీలు దానిని లోకమంతా చాటినవి. నీళ్లు పోస్తే మంట ఆరుతుంది. అంతమాత్రాన నీటి కొరతవల్ల ఇల్లు అంటుకొన్నదని ఎవరూ అనరు. దిగులుకు సెరొటోనిన్ లోటే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో లండను పరిశోధకుల సమీక్ష ఒకటి చెప్పినది. దీనిని పట్టుకొని మందులు దండుగ అనడం కూడ అంతే తొందరపాటు. మందు గుణమివ్వడం వేరు, అది ఎట్లా గుణమిస్తున్నదో మనం చెప్పే కథ వేరు.

1971లో ఎక్స్‌కిరణాలతో బ్రతికిఉన్నవాని మెదడును పొరలుపొరలుగా చూపే యంత్రం ఇంగ్లండులో వచ్చినది. 1976లో ఈవ్ జాన్‌స్టన్, ఆమె సహచరులు దానితో పదిహేడుమంది దీర్ఘకాలపు స్కిజోఫ్రీనియా రోగులను పరీక్షించినారు. మెదడు నడుమ నీటితో నిండి ఉండే కుహరాలు వారిలో సగటున పెద్దవిగా ఉన్నవి. శ్మశానంలో మళ్లీ దీపం వెలిగినట్లయినది. కాని అది సగటుమాట మాత్రమే. ఒక్కొక్కరిని తీసికొంటే ఆరోగ్యవంతులలోను పెద్ద కుహరాలవారున్నారు, రోగులలోను చిన్న కుహరాలవారున్నారు. మరొక సంగతి ఇంకా ఆశ్చర్యకరమైనది. మెదడులో కణాలు చెడినచోట సాధారణంగా గాయం మానిన మచ్చ మిగులుతుంది. ఈ వ్యాధిలో ఆ మచ్చ లేదు. మచ్చ లేదంటే కట్టిన ఇల్లు కూలినది కాదు, కట్టేటప్పుడే ఎక్కడో కొలత తప్పి ఉండాలి. తల్లి గర్భంలోనో, పసితనంలోనో, యౌవనారంభంలో మెదడు తన అనవసరపు సంబంధాలను తానే కత్తిరించుకొనే వేళలోనో. అందుకే కాబోలు, ఈ వ్యాధి తొలిసారి తలుపు తట్టేది కాలేజీ చదువుల వయస్సులో; తల్లిదండ్రులకన్న ముందు తరగతిలో పంతులుగారి కంటపడుతుంది. మొదటి బెంచీ కుర్రవాడు చివరి బెంచీకి మారడం, లెక్కలపుస్తకం అంచులలో అర్థంకాని గీతలు పుట్టడం పొగరని, ప్రేమవ్యవహారమని తోసివేసిన ఉపాధ్యాయులు మనలో లేకపోలేదు.

బీజం మాటేమిటి? ర్యూడిన్ చెప్పినంత సులువుగా లేదు. 2022లో వెలువడిన ఒక మహాపరిశోధనలో 76,755 మంది రోగుల వంశపదార్థాన్ని రెండు లక్షలకు మించిన ఆరోగ్యవంతులతో పోల్చినారు. వ్యాధితో సంబంధమున్న స్థానాలు 287 తేలినవి. ఒక్కొక్కటి చేసే పని రవ్వంత. వాటిలో పెక్కు మనలో ప్రతి ఒక్కరి దగ్గరా ఉన్నవే. ఒకే రూపు కవలలలో ఒకరికి వ్యాధి వచ్చినా, సగం సందర్భాలలోనైనా రెండవవారు ఆరోగ్యంగానే ఉంటారు. వంధ్యీకరణ కత్తికి అందే దుష్టబీజమంటూ ఒకటి లేనే లేదు.

బేల్ తెరచిన తలుపు కూడ మూతపడలేదు. 2007లో ఫిలడెల్ఫియాలో జోసెప్ డాల్‌మావ్ బృందం కొందరు యువతుల వ్యాధిని వివరించినది. వారు హఠాత్తుగా భ్రమలతో, అరుపులతో మనోవైద్యుల దగ్గరకు వచ్చినవారు. తరువాత మూర్ఛలు, స్పృహ తప్పడం. వారి అండాశయంలో ఒక కంతి ఉన్నది. దానిని ఎదుర్కొనడానికి దేహం తయారుచేసిన రక్షకపదార్థాలు దారి తప్పి, నాడీకణాలు వార్తలందుకొనే ఒక ద్వారాన్ని మూసివేస్తున్నవి. కంతి తీసి, ఆ రక్షకపదార్థాలను అణచేసరికి పెక్కుమంది కోలుకొన్నారు. అటువంటి యువతి మన పల్లెలో పుట్టి ఉంటే భూతవైద్యుని వేపమండకు ఎంతకాలం గురి అయ్యేదో ఊహించుకోవచ్చు.

మన దేశంలో ఈ వెదకులాటకు ఒక నిలయమున్నది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో డాక్టర్ ఎస్. కె. శంకర్ పూనికతో 1995లో మెదడు నిధి ఒకటి ఏర్పడినది. ఆప్తులు మరణించినప్పుడు కుటుంబాలవారు అంగీకారపత్రంమీద సంతకం చేసి ఇచ్చిన మెదళ్లు అక్కడ అతిశీతలపు పెట్టెలలో భద్రపరచి పరిశోధకులకు అందిస్తారు. అంతిమసంస్కారానికి తొందరపడే ఆ గంటలలో అటువంటి అనుమతి ఇవ్వడం ఎంత కష్టమో మన ఇండ్లలో మరణం చూచినవారికి తెలుసును. అక్కడే ఒక ప్రదర్శనశాల కూడ ఉన్నది. పాఠశాలల పిల్లలు వరుసగా వచ్చి, చేతికి తొడుగు వేసికొని, నిజమైన మానవ మస్తిష్కాన్ని పట్టుకొని చూస్తారు. కిలోన్నరకు లోపే బరువు. వణుకుడు రోగం వచ్చినవాని మెదడు కోసి చూపితే, నల్లగా ఉండవలసిన చోట వెలవెలపోయిన గీతను పిల్లవాడైనా గుర్తిస్తాడు. ఆల్‌జైమర్ వ్యాధి ముదిరిన మెదడు కుంచించుకొని ఉండడం కూడ కంటికే కనిపిస్తుంది. స్కిజోఫ్రీనియాతో ముప్పై ఏండ్లు బాధపడినవాని మెదడు, ఏనాడూ మతి చెదరనివాని మెదడు పక్కపక్కన పెట్టి, ఏది ఎవరిదో కంటితో చూచి చెప్పగల నిపుణుడు మాత్రం ఈనాటికీ ఎక్కడా లేడు.